రువాండా దేశపు భాషయు దాని వ్రాతయు

ఆఫ్రికాఖండపు నడిభాగమున, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణముగా, రువాండా యను చిన్నదేశము కలదు. దానికి సముద్రతీరము లేదు. నేలయంతయు మెట్టపల్లములే యగుటచేత దానిని వేయికొండల దేశమని పిలుతురు. అచ్చటివారికి ఆవులన్న మిక్కిలి మక్కువ. పూర్వాచారము ననుసరించి ఒకరు 'అమష్యొ' యని పలుకరించినచో రెండవవారు 'అమషొంగొరె' యని బదులు పలుకుదురు. 'నీకు మందలు కలుగుగాక' యని మొదటిమాటకు అర్థము; 'ఆడుమందలే కలుగుగాక' యని రెండవదానికి. పాడి యెఱిగినవారి కీ బదులులోని యుక్తి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆవును వారు 'ఇంక' యందురు. 'గిరింక' యనగా ఆవు కలవాడవగుము అని దీవెన. తెలుగువాడు ఆ దీవెన వినినచో, ఈయన ఇంక నేమి కావలెనని యడుగుచున్నాడని తలచునేమో!

ఆ దేశపు భాష పేరు కిన్యర్వాండ. దానిని గుఱించియు, దానికి వ్రాత యెట్లు వచ్చినదో, ఆ వ్రాత దేనిని పట్టినదో దేనిని విడిచినదో దానిని గుఱించియు ఈ ప్రసంగమున చెప్పదలచినాను. ఆఫ్రికాలోని రాజ్యములయందు పలుభాషలు కలిసియుండుట సాధారణము. రువాండాలో 2022వ సంవత్సరపు జనాభాలెక్క ప్రకారము ఒక కోటి ముప్పదిరెండు లక్షలమంది యుండగా, వారిలో ఇంచుమించుగా అందఱికిని మాతృభాష యిదియొక్కటే. తూర్పు కాంగోలోను, ఉగాండా దక్షిణభాగమునను దీనిని మాటలాడువారు కలరు. దక్షిణమున నున్న బురుండి దేశపు కిరుండి భాష దీనికి తోబుట్టువు. ఆ భాషవాడును ఈ భాషవాడును ఎదురెదురుగా కూర్చుండి, ఎవరి భాషలో వారు మాటలాడినను పని జరుగును.

భాష స్వభావమును దాని పేరునుండియే తెలిసికొనవచ్చును. ఆ దేశస్థు డొక్కడైనచో 'ఉమున్యర్వాండ', పలువురైనచో 'అబన్యర్వాండ', వారి భాష 'ఇకిన్యర్వాండ'. మాటయొక్క తల మాఱినదిగాని తుద మాఱలేదు. మనకు విభక్తియు వచనమును మాట చివర చేరును. వారికి ఆ పని మాట మొదటనే జరుగును. మనుష్యుడు 'ఉముంటు', మనుష్యులు 'అబంటు'. ఈ రెండవమాటనుబట్టియే, ఇట్టి భాషలు మాటలాడు మధ్యదక్షిణాఫ్రికా జనులందఱి భాషాకుటుంబమునకు బంటుభాషలని బ్లీక్ అను జర్మను పండితుడు 1862లో పేరుపెట్టెను.

మన వ్యాకరణమున మహద్వాచకములు, అమహద్వాచకములు అని విభాగము కలదు. వాడు వచ్చుచున్నాడు, అది వచ్చుచున్నది యని క్రియ దాని ననుసరించి మాఱును. ఆ భాషయందు నామములకు ఇట్టి వర్గములు రెండు మూడు కావు, పదాఱు. ప్రతివర్గమునకును ఒక తలగుఱుతు. ఆ గుఱుతు నామమునకే కాక, దానికి సంబంధించిన ప్రతిమాటకును అంటును. 'నా మంచిపిల్లలు ఇద్దఱు' అనుటకు 'అబాన బంజ్యె బబిరి బేజ' అందురు. 'నా మంచి పుస్తకములు రెండు' అనుటకు 'ఇబిటబొ బ్యంజ్యె బిబిరి బ్యీజ' అందురు. మొదటి వాక్యమంతయు బకారముతోను, రెండవది బికారముతోను నడచుట వినుడు. ఒకే ముద్ర వేసిన పసులు వరుసగా పోవునట్లు మాటలు పోవును. ఏది యెవరి మందలోనిదో చూచినంతనే తెలియును. చిన్నదనము చెప్పవలసినచో వేఱు విశేషణ మక్కఱలేదు. 'ఉమ్వాన' బిడ్డ, తలగుఱుతు మార్చి 'అకాన' యన్నచో చిట్టిబిడ్డ.

ఈ వర్గములనుండియే ఒక పండితుడు తత్త్వశాస్త్రమును తీసెను. ఆయన పేరు అలెక్సి కగామె. 1912లో జన్మించి 1981లో మరణించిన కతోలిక గురువు, చరిత్రకారుడు, కవి. 'న్టు' అను ఒక్క మూలమునకు తలలు మార్చినచో 'ఉముంటు' బుద్ధిగల సత్త్వము, 'ఇకింటు' బుద్ధిలేని వస్తువు, 'అహంటు' దేశకాలములు, 'ఉకుంటు' రీతి యగును. ఉన్నదంతయు ఈ నాలుగింటిలో ఇముడునని ఆయన 1956లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. మన వైశేషికులు పదార్థములు ఏడని లెక్కించినట్లే యిది. మాటల తలలనుబట్టి ప్రపంచము తీరు నిర్ణయింపవచ్చునా యని తరువాతివారు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ నాకును సమంజసముగానే తోచును. అయినను, వ్యాకరణము పిల్లలు వల్లెవేయు సూత్రములు మాత్రమే యనుకొనువారు చదువదగిన గ్రంథమది.

సంధి నియమములయందు మాత్రము మనకును వారికిని చిత్రమైన పోలిక కలదు. కొన్ని పరుషములు సరళము లగుట మన బాలవ్యాకరణము చదివినవారికి తెలిసినదే. వారి క్రియల మొదట 'కు' అను గుఱుతుండును: 'కువుగ' చెప్పుట, 'కుబొన' చూచుట. కాని తరువాతి హల్లు పరుషమో ఊష్మమో యైనచో ఆ కకారము గకారమగును: 'గుటెక' వండుట, 'గుసొమ' చదువుట, 'గుహింగ' సేద్యము చేయుట. మనకు కారణము ముందుమాట; వారికి వెనుకనున్న హల్లు. నోటి సౌకర్యము ఎక్కడనైనను ఇట్టి దారులే వెదకును గాబోలు. అచ్చుమీద అచ్చు వచ్చునపుడు ముందటిది జాఱిపోవుటయు మన సంధులవలెనే యుండును. అయితే మనము కలిసిన మాటను కలిసినట్లే వ్రాయుదుము. వారు కొన్ని చిన్నమాటలయందు మాత్రము లోపచిహ్నము నుంచి, తక్కినచోట్ల విడివిడిగా వ్రాసి కలిపి చదువుదురు.

ఇక వ్రాత సంగతి. పందొమ్మిదవ శతాబ్దము ముగియువఱకు ఆ భాషకు లిపి లేదు. లిపి లేదనగా విద్య లేదని యర్థము కాదు. రాజాస్థానమున 'ఇబిసిగొ' యను వంశప్రశస్తి కావ్యములు తరతరములుగా ముఖస్థముగా వచ్చుచుండెను. వీరులు తమ శౌర్యమును తామే వర్ణించుకొను 'ఇబ్యివుగొ' పద్యములు వేఱు. రాజుగారి పొడుగుకొమ్ముల యావులకు పేరుపేరునను కవిత్వము చెప్పు కవులు వేఱు. వీని యన్నిటికంటెను గూఢమైనది 'ఉబ్విరు' అను రాజతంత్రసంహిత. రాజునకు పట్టము కట్టుట, వానలు రప్పించుట, దుర్భిక్షమును పారద్రోలుట మొదలగు కర్మల విధియంతయు అందుండెను. దానిని 'అబిరు' అను వంశపారంపర్య రక్షకులు వల్లించి, రహస్యముగా కాపాడుచుండిరి. గురుముఖమున వేదమును నేర్చిన మన దేశమున ఈ పద్ధతి నెవ్వరును వింతగా చూడరు.

1894లో గోట్జెన్ అను జర్మను ప్రభువు ఆ రాజ్యమున ప్రవేశించెను. 1900వ సంవత్సరము ఫిబ్రవరిలో 'శ్వేతపితరులు' అను కతోలిక మతబోధకులు సవె యనుచోట తమ మొదటి స్థానము నేర్పఱచుకొనిరి. వారితో రోమను లిపి వచ్చినది. బోధకులు బోధింపవలెనన్న భాష నేర్వవలెను; నేర్చినదానిని వ్రాసికొనవలెను; అట్లు వ్యాకరణములును నిఘంటువులును బయలుదేరినవి. 1933లో కతోలికులే 'కిన్యమటెక' యను పత్రికను ఆ భాషయందు నెలకొల్పిరి.

చదువుతో కూడ చదువు మాటలును వచ్చినవి. పుస్తకమునకు 'ఇగిటబొ' యందురు. ఇది అరబ్బీ భాషలోని కితాబే. తూర్పుతీరపు స్వాహిలీ భాషమీదుగా కొండలెక్కినది. మన హైదరాబాదులో వినవచ్చు కితాబును, వారి ఇగిటబొయును ఒకతల్లి బిడ్డలే! కాని రువాండావారు ఆ మాటలోని 'కి'ని తమ వర్గముల తలగుఱుతుగా భావించి, పైన చెప్పిన సూత్రముచేత 'గి'గా మార్చి, బహువచనమున దానిని తీసివేసి 'ఇబిటబొ' యనిరి. అరబ్బులకు మూలధాతువులోనిదైన కకారము వీరిచేత ఊడదీయబడెను. ఉపాధ్యాయునకు అరబ్బీలో ముఅల్లిమ్ అని పేరు. అది 'ఉమ్వరిము' అయి, పలువురైనచో 'అబరిము' అయినది. లేఖినికి 'ఇకరము' అనుమాట మన కలమునకు చుట్టము. బడిని 'ఇషూరి' యందురు; అది జర్మనుల షూలె. పరాయిమాటను ఇంటికి తెచ్చి, స్నానము చేయించి, తమ గోత్రమున చేర్చుకొనుటలో ఆ భాషకు సాటి కొలదిగా నుండును.

రోమను అక్షరములలో రెండింటితో వారికి పనిలేదు. తక్కినవానిలో కొన్నిటి ధ్వని ఆంగ్లమువలె నుండదు. మన చకారమునకు వారు 'సి' అను ఒక్క యక్షరమునే వ్రాయుదురు. కావున విదేశీయులు గకక యని చదువు మాటను ఆ దేశపు పిల్లవాడు గచాచ యని చదువును. ర, ల లకు వారికి భేదము లేదు. వారి రాజభేరి పేరు కరింగ. కొందఱు కలింగ యనియు వ్రాసిరి. మన కళింగము జ్ఞప్తికి వచ్చుట సహజమేగాని, సంబంధ మేమియు లేదు. కొన్ని సంయుక్తాక్షరములను వ్రాసినట్లు చదువరాదు. కుక్కను ఇంబ్వ యని వ్రాసి 'ఇంబ్గ' యని పలుకుదురు. దేశము పేరే ర్వాండ యని వ్రాసి, రేఫకును వకారమునకును నడుమ గకారమును వినిపింపజేయుదురు. నేర్చినవానికి ఇది కష్టము కాదు. నేర్వనివానికి అక్షరము దారి చూపదు.

వీనికంటె పెద్దలోపము మఱియొకటి. ఆ భాషయందు అచ్చులైదు. ప్రతియచ్చునకును హ్రస్వదీర్ఘములు కలవు. వానిపై ఉదాత్తానుదాత్తములవంటి స్వరభేదమును కలదు. వీనిచేత అర్థములు మాఱును. కాని వాడుకలోని వ్రాత వీనిలో దేనినిగూడ చూపదు. శాస్త్రగ్రంథములు వ్రాయు పండితులు మాత్రము గుఱుతులు పెట్టుకొందురు. 'వాడు పాడెను', 'వాడు పడెను' అను రెంటిని మన మొక్కతీరుగనే వ్రాసినచో నెట్లుండును? వారికి 'గుసూర' యనగా ఒకరిని చూడబోవుట. అదేమాటను హ్రస్వముతో 'గుసుర' యన్నచో సభలో పలుకరాని వాయుసంబంధమైన పని. వ్రాతయందు రెండును ఒక్కటే. పుస్తకము చూచి భాష నేర్చికొన్న విదేశీయుడు 'మిమ్ము చూడవచ్చితిని' యని మర్యాదగా చెప్పబోయి నవ్వులపాలగుటకు ఈ యొక్క దీర్ఘము చాలును. లిపి తెచ్చినవారి భాషలయందు స్వరముచేత అర్థము మాఱుట లేదు. కావున వారు దానిని వ్రాయలేదు. పుట్టినప్పటినుండి వినుచున్నవారు సందర్భమునుబట్టి చదివికొందురు. కావున వారును పట్టుపట్టలేదు.

మన లిపి సర్వసమగ్రమని గర్వింపనక్కఱలేదు. చాపలోని చకారమును చిలుకలోని చకారమును వేఱువేఱు ధ్వనులైనను మనము ఒక్కతీరుగనే వ్రాయుచున్నాము. పరమందున్న అచ్చునుబట్టి దంత్యతాలవ్యములు తెలియునుగదా యని పెద్దలు సమాధానము చెప్పుదురు. రువాండాలో 2014లో ప్రభుత్వము వ్రాతనుగూర్చి నియమములు చేసినపుడు ఈ న్యాయమే వచ్చినది. ఇకార ఎకారములకు ముందు కకార గకారములు తమంతట తాలవ్యము లగుచుండగా, వానికి ప్రత్యేకముగా జంటయక్షరము లేల యని వానిని తీసివేసిరి. అలవాటుపడిన కన్ను ఊరకుండునా? వాదోపవాదములు చాల జరిగినవి.

వ్రాత వచ్చినపిమ్మట ముఖస్థవిద్యకు ఏమైనదో చెప్పవలసియున్నది. రాజాస్థానపు వృద్ధకవులు ఒక్కొక్కరుగా గతించుచుండగా, పైన చెప్పిన కగామె వారియొద్ద కూర్చుండి వ్రాసికొనుటకు పూనుకొనెను. ఆయన వంశము అబిరుల వంశమే. 1943లో 'ఇంగంజి కరింగ' యను చరిత్రగ్రంథపు మొదటి భాగమును స్వభాషయందే ప్రకటించెను. రెండవ భాగము 1947లో వచ్చినది. రాజగు రుడహిగ్వ యొక్క అనుమతితో ఉబ్విరు రహస్యములను గూడ వ్రాతలోనికి తెచ్చెను. వ్రాయుట ఆ రహస్యమునకు ద్రోహమో రక్షయో చెప్పుట కష్టము. ఆ సంహిత 1964లో అచ్చుపడినది. అప్పటికి రాజఱికము రద్దయి మూడేండ్లయినది. దానిని అనుష్ఠింపవలసిన రాజు లేడు. చదువగోరిన వారందఱికిని పుస్తకము దొరకుచున్నది.

కగామె వ్రాసిన గ్రంథములు చదివినవారు కొందఱు. కాని అక్షరము ఎఱుగనివాని జేబులోనికి సైతము పోయిన వ్రాత మఱియొకటి కలదు. 'ఉబ్వొకొ' యను మాటకు ఆ భాషయందు రకమనియు, మనుష్యుల విషయమున గోత్రమనియు అర్థము. అబన్యిగిన్య, అబెగ మొదలగు గోత్రములు పెక్కు కలవు. ఒక్కొక్క గోత్రమునందును హుటూలు, టుట్సీలు, ట్వాలు అను మూడు తెగలవారును ఉందురు. ఆ మూడు తెగలకును భాష యొక్కటే, కథ లొక్కటే, పూర్వపు దైవమొక్కటే. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనులు పోయి బెల్జియమువారు వచ్చిరి. వారు 1930వ దశకమున జనులను లెక్కించి, పెద్దవారి కందఱికిని గుఱుతుచీటి లిచ్చిరి. ఆ చీటిపై తెగను వ్రాసిరి. తరువాత స్వతంత్రరాజ్యమునను చీటియు ఆ పంక్తియు నిలిచినవి. ఆ పంక్తికి పేరు ఉబ్వొకొ. ఒకప్పుడు మూడు తెగలను కలిపి చెప్పిన మాట, చీటిమీదికెక్కి మూడింటిని విడదీసెను. నోటిలో నున్నంతకాలము మాట అటునిటు వంగును. తెగ మాఱినవారును పూర్వము కలరు. సిరాతో వ్రాసినపిమ్మట వంగుట పోయినది.

1994 ఏప్రిల్ 7వ తేది మొదలు ఇంచుమించు నూఱుదినములు ఆ దేశమున జరిగిన టుట్సీల హత్యాకాండ యందు ఎనిమిది లక్షలకు తక్కువ కానివారు చంపబడిరి. ఎదిరించిన హుటూలును వారిలో కలరు. త్రోవలయందు అడ్డుకట్టలు కట్టిరి; వానిని 'బరియెరి' యనిరి, అది ఫ్రెంచిమాట. అచ్చట నిలిపి చీటి చూపుమనిరి. చంపువాడును చచ్చువాడును మాటలాడినది ఒక్క భాషయే యగుటచేత మాటతీరునుబట్టి భేదము తెలియదు. ఆ చీటిలోని పంక్తియే పెక్కుమంది బ్రదుకును తేల్చినది.

ఆకాశవాణిలో మాటలాడుచు ఈ క్రింది సంగతి చెప్పుటకు సంకోచము కలుగుచున్నది. 1993 జూలైలో 'వేయికొండల స్వేచ్ఛారేడియో' యని ఫ్రెంచిపేరుతో ఒక ప్రసారశాల ఆ దేశమున వెలసెను. పాటలును పరిహాసములును కలిపి, జనుల నోటి భాషలో మాటలాడుటచేత అది చాలమందిని ఆకర్షించెను. అందు టుట్సీలను 'ఇన్యెంజి' యనిరి; ఆ మాటకు బొద్దింక యని యర్థము. హత్యకు పోవుటను 'గుకొర' యనిరి, అనగా పనిచేయుట. సేద్యగాడు ఉదయమున లేచి పలుకు మాట అది. అరూష నగరమున కూర్చున్న అంతర్జాతీయ న్యాయస్థానము 1998 సెప్టెంబరు 2వ తేదిని అకయెసు అను గ్రామాధికారిపై తీర్పు చెప్పునపుడు, ఇట్టి మాటల యర్థమును భాషాశాస్త్రవేత్తనడిగి తెలిసికొనవలసివచ్చెను. సాక్షులు కిన్యర్వాండలో చెప్పిరి. దానిని ఫ్రెంచిలోనికిని, అచ్చటినుండి ఆంగ్లములోనికిని మార్చిరి. రేడియో నడపినవారిపై 2003లో తీర్పు వచ్చెను.

జరిగినదానికి పేరు పెట్టుటకు మొదట వారు 'ఇట్సెంబబ్వొకొ' యని తమ భాషయందే మాట కూర్చిరి. ఉబ్వొకొను నిర్మూలించుట యని యర్థము. ఆ ఉబ్వొకొ మరల అందు ప్రవేశించుట చూచితిరా! తరువాత 'జెనొసిడె' యను పరభాషాపదమును గ్రహించిరి. గుఱుతుచీటినుండి ఆ పంక్తిని తీసివేసిరి. ఊరిపెద్దలు పచ్చికపై కూర్చుండి తగవులు తీర్చు పూర్వాచారమును పునరుద్ధరించి, దానికి ఒక గడ్డిపేరుననుసరించి గచాచ యను పాతపేరే యుంచి, 2012వఱకు పందొమ్మిది లక్షలకు మించిన వ్యాజ్యములను విచారించిరి. సాక్ష్యములన్నియు కిన్యర్వాండలోనే. నూఱేండ్లకు పూర్వము లిపిలేని భాషకు, ఒక దేశపు దుఃఖమంతయు కాగితములపై నెక్కెను. నేడది ఆ రాజ్యమునకు జాతీయభాష. ఆంగ్లము, ఫ్రెంచి, స్వాహిలీ భాషలతోపాటు అధికారభాష. బడులలో పైచదువు మాత్రము ఆంగ్లముననే సాగుచున్నది. ఆ కథ మనకు క్రొత్త కాదు.

ఆ 1994లోనే లండనునుండి బి.బి.సి. వారు కిన్యర్వాండ కిరుండి భాషలు రెండును కలిపి మఱియొక ప్రసారము మొదలిడిరి. దానికి 'గహుజమిర్యంగొ' యని పేరు: కుటుంబములను కలుపునది. అందు వార్తలు కొంత; తక్కినది పేర్ల పట్టిక. ఫలానావారి కుమారుడు ఫలానా శరణార్థి శిబిరమున నున్నాడు, తల్లి బ్రదికియున్నచో తెలియజేయవలెను అని చదువుచుండిరి. దీర్ఘమెక్కడనో స్వరమెక్కడనో కాగితము చెప్పలేని ఆ పేర్లను, ఆ భాష పుట్టుకతో వచ్చినవారే చదివిరి; పోగొట్టుకొన్నవారు చెవియొగ్గి కూర్చుండిరి.